మెర్విన్ సైడర్

మొగుడి అంత్యక్రియల రోజున కూడా రొట్టెలకు వెన్న రాసే పని నోరీన్‌కే పడింది.

"నువ్వు కూర్చో నోరీన్, మేం చూసుకుంటాం" అని నలుగురు అన్నారు. అన్నవాళ్ళు అనేసి వెళ్ళి కూర్చున్నారు. ఎనభై మందికి సరిపడా రొట్టెలు పబ్ వంటగదిలో వాటంతట అవే వెన్న రాసుకోవు కదా. నల్ల గౌను మీద ఎవరిదో పువ్వుల ఏప్రన్ కట్టుకుని, కొన్నిట్లో కోడిగుడ్డూ కొన్నిట్లో పంది మాంసమూ పెట్టి, మూల నుంచి మూలకు కోసి, పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చేసరికి మగవాళ్ళంతా స్కిటిల్స్ ఆడే పొడవాటి గదిలో గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మెర్విన్ నలభై ఏళ్ళపాటు ప్రతి బుధవారం ఆ గదిలోనే చెక్కబంతి దొర్లించి గుంజలు పడగొట్టాడు. ఇప్పుడు అతని తమ్ముడు రోలీ గొంతు సవరించుకుంటున్నాడు.

"మా అన్న పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చెప్పదలుచుకున్నదంతా ఈ గ్లాసులో పోసి ఇచ్చేవాడు. మా నాన్న తర్వాత ఈ సోమర్సెట్‌లో ఇలాంటి సైడర్ చేసినవాడు లేడు. ఇక ఉండడు. ఆ విద్య ఇవాళ మట్టిలో కలిసిపోయింది."

"మెర్విన్‌కి!" అని అందరూ గ్లాసులెత్తి తాగారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నోరీన్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎవరో చెయ్యి చాపి అందులోంచి ఒక ముక్క తీసుకుని "థాంక్స్ తల్లీ" అన్నారు.

ఆ సైడర్, ఆపిల్ రసం పులియబెట్టి చేసే ఆ మత్తు పానీయం, చేసింది నోరీన్. పదకొండేళ్ళుగా ఆవిడే చేస్తోంది. అది కూడా ఏ తోటలోని ఆపిల్ కాయలతోనో కాదు, టౌంటన్‌లోని సూపర్‌మార్కెట్లో లీటరు అట్టడబ్బాల్లో అమ్మే రసంతో. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో 'పలు దేశాల ఆపిల్ పళ్ళ నుంచి' అని అచ్చు వేసి ఉంటుంది. సోమర్సెట్ పల్లెలో ఒక మనిషి తాగి పడిపోతే క్షమిస్తారు, పక్కవాడి గొర్రెను తన మందలో కలిపేసుకున్నా నాలుగేళ్ళకు క్షమిస్తారు. కొట్లో కొన్న రసంతో సైడర్ చేశాడంటే మాత్రం మనవళ్ళ తరం దాకా చెప్పుకుని నవ్వుతారు. అందుకే పదకొండేళ్ళు ఆ ఇంట్లో ఇద్దరూ నోరు మెదపలేదు. అందులో ఒకరు పోయారు. నోరు మూసుకోవాల్సిన పని ఇప్పుడు మొత్తంగా నోరీన్ ఒక్కదాని మీదే పడింది.

ఆస్పత్రిలో ఆఖరి వారం మెర్విన్ కళ్ళు తెరిచి అడిగాడు. "అలమరలో జాడీ పెట్టే ఉందా?"

"ఉంది."

"వాళ్ళకి చెప్పకేం."

ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి చివరికి కోరింది అదీ. నోరీన్ సరేననలేదు, కాదనలేదు. తలగడ సర్ది, నీళ్ళు పట్టి, దుప్పటి లాగింది. ఏమీ చెప్పలేనప్పుడు చెయ్యడానికి ఆడదానికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది.

ఆవిడ పుట్టింది వుల్వర్‌హాంప్టన్‌లో, తాళాలు చేసే కర్మాగారాల మధ్య. పెళ్ళై ఈ ఊరొచ్చిన మొదటి శరదృతువులో అత్తగారు ఐవీ ఒక బకెట్టు చేతికిచ్చి తోటలోకి పంపింది. సైడర్ కాయలు చెట్టు మీంచి కొయ్యరు, రాలినవి ఏరాలి. మంచు పట్టిన గడ్డిలో మోకాళ్ళ మీద పాకుతూ ఆరు వారాలు ఏరాలి. వేళ్ళు మొద్దుబారి, రాత్రికి గౌను గుండీలు కూడా విప్పుకోలేకపోయేది. ఏరడం, కడగడం, పిప్పి పిండిన గోనెగుడ్డలు ఉతకడం ఆడవాళ్ళ వంతు. పీపాల గదిలోకి మాత్రం రాకూడదు. "ఆడదాని నీడ పడితే సైడర్ విరిగిపోతుంది పిల్లా. అయినా మీ వుల్వర్‌హాంప్టన్‌లో ఆపిల్ చెట్టు ఎలా ఉంటుందో ఎవరైనా చూశారా?" అనేది ఐవీ. ఏ ఏడాదైనా సైడర్ బాగుంటే మామగారి చెయ్యి మంచిది. పులిసిపోతే గోనెగుడ్డలు సరిగ్గా ఉతకలేదు. పిల్లలు పుట్టకపోతే అదీ నోరీన్ లెక్కే. "మా చెట్లన్నీ కాస్తాయి. అంటు ఎక్కడిదో చూసి తెచ్చుకోవాల్సింది" అని ఐవీ ఒకసారి బల్ల దగ్గర అందరి ముందూ అంది. మెర్విన్ తల వంచుకుని బంగాళాదుంపలు తిన్నాడు. ఆ పూట అతను రెండోసారి కూడా వడ్డించుకున్నాడని నోరీన్‌కు ఇప్పటికీ గుర్తే.

పెద్దవాళ్ళు పోయాక అన్నదమ్ములు తోట అమ్మేశారు. చెట్లు కొట్టి పద్దెనిమిది ఇళ్ళు కట్టి, ఆ వీధికి 'ఆర్చర్డ్ క్లోజ్', అంటే తోట సందు, అని పేరు పెట్టారు. ఆ ఏడాది అక్టోబరులో మెర్విన్ పాడుబడ్డ పీపాల గదిలో కూర్చుని గోడకేసి చూస్తుండేవాడు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, తినేవాడు, మళ్ళీ వెళ్ళి కూర్చునేవాడు. చూసి చూసి నోరీన్‌కు జాలేసింది. గ్రంథాలయంలో దొరికిన ఒక చిన్న పుస్తకం చూసి, నాలుగు డబ్బాల రసం తెచ్చి, పెద్ద గాజు జాడీలో పోసింది. నిలవ ఉండే మందు కలిపిన రసమైతే పులవదు, అది చూసి కొనాలి. కొట్టు రసంలో తియ్యదనమే తప్ప వగరుండదు. అందుకని ఒక కప్పు చిక్కటి నల్లటీ కాచి చల్లార్చి కలిపింది. కాస్త చక్కెర, చెంచాడు ఈస్ట్. పొంగు రావడానికి మెడ దగ్గర జానెడు ఖాళీ వదిలి, మూతకు వంకర గొట్టం గుచ్చి అందులో నాలుగు చుక్కల నీళ్ళు పోసింది. మేడ మీద వేడినీళ్ళ ట్యాంకున్న అలమరలో, దుప్పట్లు ఆరేసుకునే చోట, దాన్ని దాచింది. మర్నాటికి 'బుడుక్' మంది. మూడు వారాలకు శబ్దం ఆగి, మడ్డి అడుగుకు దిగి, పైది తేరుకుంది. రబ్బరు గొట్టంతో సీసాల్లోకి దించి, నురగ కోసం ఒక్కో సీసాలో అరచెంచా చక్కెర వేసి బిగించి, ఇంకో రెండు వారాలు ఆగి, మెర్విన్ ముందు పెట్టింది.

మెర్విన్ గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. తర్వాత "మా నాన్న చేసినట్టుంది" అన్నాడు.

తనకంటే సంతోషించిన ఆడది ఆ పూట ఆ జిల్లాలో లేదనుకుంది నోరీన్. బుధవారం అతను ఆరు సీసాలు సంచీలో వేసుకుని స్కిటిల్స్‌కు వెళ్ళాడు. తిరిగొచ్చి "అందరికీ నచ్చింది" అన్నాడు. ఎవరు చేశారని అడిగారా అంటే "ఎవరూ అడగలేదు" అన్నాడు. అందులో అబద్ధం లేదు, అడగాలని ఎవరికీ తోచలేదు. పాత కంచెల వెంట మిగిలిన ఒకటి రెండు చెట్ల కాయలని, నాన్న పీపాలో ఊరిందని మెర్విన్ చెప్పిన సంగతి నెల తర్వాత తెలిసింది. అప్పటికి "ఇంకో రెండు జాడీలు పెట్టు" అనడం కూడా అయిపోయింది.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. అదైనా నయమే. ఇక్కడ సోకు చేసుకునేవాడు సొమ్ములో వంకలు కూడా పెట్టేవాడు. "పోయినసారి కాస్త వగరయిందని మావాళ్ళు అన్నారు." "ఈసారి నురగ తక్కువ. ఏం చేశావ్?" బాగున్నప్పుడు అది 'నా సైడర్', బాగోనప్పుడు 'నువ్వేం చేశావ్'. బాగుంది నోరీన్ అన్న రెండు ముక్కల కోసం ఆవిడ పదకొండేళ్ళు చూసింది. వీధి గుమ్మంలో పెట్టే చెత్తబుట్టలో ఖాళీ డబ్బాలు కనపడకూడదని, ఒక్కో డబ్బా కడిగి, కత్తిరించి, పొయ్యిలో వేసి కాల్చేది. అట్ట కాలిన కంపు వంటింటి తెరలకు పట్టేది. మొదట జాలితో పెట్టిన జాడీయే. జాలి ఎప్పుడో పోయింది, చాకిరీ మిగిలింది.

అంత్యక్రియలయ్యాక అక్టోబరంతా వర్షం. మొదటి వారం మనుషులు వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, టీ తాగి, లేచేముందు గుమ్మం దగ్గర ఆగి "మెర్విన్ సీసా ఒకటేమైనా మిగిలిందా?" అని అడిగేవారు. మిగిలినవి మిగిలినట్టే ఇచ్చేసింది. సీసాలు అయిపోయాక రావడమూ అయిపోయింది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఫ్రిజ్ మోత ఆగితే ఉలిక్కిపడేది. ఒక కప్పు కడగడం, ఒక పళ్ళెం కడగడం. టీ కాచి రెండో కప్పు కోసం చెయ్యి చాపడం, తీసుకోవడం. మెర్విన్ కోసం ఏడుపు రావడం లేదని సిగ్గుపడేది. తర్వాత, అది సిగ్గుపడాల్సిన విషయమో కాదో అడగడానికి ఎవరూ లేరని ఏడిచేది. ఒంటరితనం అంటే మనిషి పోవడం కాదని ఆవిడకు అప్పుడు తెలిసింది. ఆ మనిషి ఉన్నప్పుడూ ఇలాగే ఉండేదని తెలియడం.

నవంబరు మొదట్లో ఒకరోజు బస్సెక్కి టౌంటన్ వెళ్ళి పన్నెండు డబ్బాలు కొని తెచ్చింది. ఎవరి కోసమో తనకే తెలియదు. ఆవిడ అసలు తాగేదే తక్కువ. స్కిటిల్స్ గదిలో ఆడవాళ్ళకు నిమ్మకాయ సోడా ఇస్తారు. జాడీల్లో పోస్తూ ఆలోచించింది, ఇన్నేళ్ళూ వాళ్ళకు తియ్యగా కావాలంటే తియ్యగా చేశాను, నాకెలా కావాలి? చక్కెర సగం చేసింది. ఒక కప్పు టీకి రెండు కప్పులు పోసింది. ఆ రాత్రి అలమర నుంచి మొదటి 'బుడుక్' వినపడగానే మెట్ల మీద కూర్చుండిపోయింది. మర్నాటి నుంచి రాత్రి భోజనం పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, అలమర తలుపు తీసి, నేల మీద కూర్చుని తినేది. మూడు జాడీలు, మూడు గొంతులు. ఒకదానికి తొందరెక్కువ, ఒకటి ఆగి ఆగి మాట్లాడేది. నవ్వితే నవ్వండి. ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఏదో ఒకటి బదులు పలకడం చాలాకాలం తర్వాత అదే.

డబ్బాలు ఈసారి కాల్చలేదు. కడగనూ లేదు. పన్నెండింటినీ గేటు దగ్గరి పచ్చ చెత్తబుట్టలో, బొమ్మలు బయటికి కనపడేలా పెట్టింది. కిటికీ తెర వెనక నిలబడి, మొహం కడుక్కోకుండా పది గంటల దాకా చూసింది. ముగ్గురు ఆగి మరీ బుట్టలోకి చూసుకుంటూ వెళ్ళారు.

మధ్యాహ్నం పక్కింటి లొరైన్ తలుపు కొట్టింది. చేతిలో గిన్నె నిండా కీమా, పైన మెదిపిన బంగాళాదుంప.

"నోరీన్, ఏమీ అనుకోకు. వీధిలో అందరం చూశాం."

"చూశారా?" అంది నోరీన్.

"ఒక్కదానివే అని వంట మానేస్తే ఎలా చెప్పు? రసం తాగి ఎన్నాళ్ళు బతుకుతావు? మా అత్తకీ ఇలాగే అయింది, నీరసంతో మెట్ల మీంచి పడింది. ఇది వేడిచేసుకు తిను. గురువారం ఎదురింటి బెవ్ వాళ్ళ దగ్గర్నుంచి ఇంకోటి వస్తుంది."

నోరీన్ గిన్నె పుచ్చుకుంది. లొరైన్ వెళ్ళాక గోడకానుకుని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వింది. నిజం తీసుకెళ్ళి గుమ్మంలో పెడితే దాని మీద బంగాళాదుంప పరిచి వెనక్కిచ్చారు. నవ్వు ఆగేసరికి గదిలో ఎంత చలిగా ఉందో తెలిసింది.

జనవరిలో రోలీ వచ్చాడు. డెబ్భై మూడేళ్ళ మనిషి, కాళ్ళకు బురద బూట్లు. కొత్త కార్పెట్టు మీద అలాగే నడిచొచ్చి కూర్చున్నాడు.

"వదినా, అన్న నోటుపుస్తకం ఏదైనా రాశాడా?"

"లేదు రోలీ."

"నేననుకున్నా. ఆ విద్య మా ఇంటిపేరుతో వచ్చింది, కాగితం మీద పెట్టేది కాదు. సరే, ఏ చెట్టు కాయలో నీకైనా చెప్పాడా? కంచెలన్నీ వెతికాను. మూడేళ్ళ నుంచి అన్నకు తెలియకుండా వెతుకుతున్నాను. చివరికి తేలిందేమిటంటే, పబ్ వెనకాల ముసలి చెట్టే అయ్యుండాలి. పదిహేడో తారీఖున చెట్టుకు సైడర్ పోసే పండగ చేస్తాం కదా, ఆ సాయంత్రమే కొమ్మలు కోసి పెట్టుకుని మార్చిలో అంటు కడతాను. నలభై మొక్కలకు చోటు కూడా మాట్లాడాను."

"కాయడానికి ఎన్నేళ్ళు?"

"ఆరు. ఏడనుకో." రోలీ తన చేతుల కేసి చూసుకున్నాడు. "నాకు టైముండాలి. కానీ ఆ రుచి మళ్ళీ ఒక్కసారి తగిలితే చాలు వదినా. అది మన మట్టి రుచి. కొనుక్కుంటే వస్తుందా?"

చెబుదామని నోరు తెరిచింది, మెర్విన్ మాట అడ్డొచ్చింది. వాళ్ళకి చెప్పకేం. అబద్ధం తను చెప్పలేదు, అబద్ధానికి ప్రతి మూడు వారాలకూ జాడీ పెట్టింది మాత్రం తనే. ఇప్పుడు ఊరుకుంటే ఒక ముసలివాడు లేని చెట్టు కోసం ఆరేళ్ళు ఎదురుచూస్తాడు, ఆ ఆరేళ్ళూ తను అలమర ముందు నేల మీద కూర్చుని తింటుంది. చెబితే మెర్విన్ పరువు పోతుంది. పోనీ, తన పరువు ఎప్పుడైనా ఎవరైనా ఒకచోట దాచిపెట్టారా? అంతలో రోలీ లేచి "టీ బాగుంది వదినా" అని వెళ్ళిపోయాడు. టీ బాగుందిట.

పదిహేడో తారీఖు సాయంత్రం అయిదింటికల్లా చీకటి పడింది. పబ్ వెనక లాంతర్లు, మూకుళ్ళూ గరిటెలూ పట్టుకున్న పిల్లలు, ఇద్దరు తుపాకులవాళ్ళు. దయ్యాల్ని తోలడానికి మూకుళ్ళు మోగించారు, కొమ్మల సందుల్లోంచి ఆకాశంలోకి తుపాకులు పేల్చారు. పిట్టల కోసం సైడర్‌లో ముంచిన రొట్టెముక్కలు చెట్టుకు వేలాడదీశారు. రోలీ అంత్యక్రియల నాటి నుంచి దాచుకున్న సీసా తీసి, "మా అన్న చేతి ఆఖరి సీసా" అని గద్గదంగా అని, చెట్టు వేళ్ళ మీద ధారగా పోశాడు. నడుముకు కత్తి, జేబులో తాడు సిద్ధంగా ఉన్నాయి.

నోరీన్ సంచీలోంచి ఆరు సీసాలు తీసి పక్కనున్న బల్ల మీద పెట్టింది.

"వదినా! ఎక్కడ దాచావు ఇవి?" అన్నాడు రోలీ. అప్పటికే మూత తీసేశాడు. గ్లాసులు చేతులు మారాయి. రోలీ ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగాడు. "అన్నదే. కానీ ఇది... ఇది ఇంకా బాగుంది. వగరు చూడండి! ఏ ఏడాదిది వదినా?"

"నవంబరుది."

"ఏ నవంబరు?"

"మొన్నటి నవంబరు, రోలీ."

మెర్విన్ పోయింది సెప్టెంబరులో. వేళ్ళ మీద లెక్కపెట్టక్కర్లేని లెక్క. లొరైన్ వచ్చి నోరీన్ చెయ్యి పట్టుకుంది. "పాపం, నెలలు కలిసిపోతుంటాయి. పద, లోపల కూర్చుందువు గాని."

"నెలలు నాకు బాగానే గుర్తున్నాయి లొరైన్." నోరీన్ నెమ్మదిగా చెయ్యి విడిపించుకుంది. "నువ్వు కీమా తెచ్చిన రోజు ఇవి పైన అలమరలో పులుస్తున్నాయి. ఇవేకాదు. పదకొండేళ్ళుగా మీరు తాగిందంతా నేను చేసిందే."

ఎవరో చిన్నగా నవ్వారు. "అంటే మెర్విన్ నీకు కూడా నేర్పాడన్నమాట. అదృష్టవంతురాలివి."

"లేదు. అతనికి రాదు."

"మరి కాయలు?" అన్నాడు రోలీ. "ఏ చెట్టువి?"

అతని నడుముకున్న కత్తి చూసింది. "ఏ చెట్టువీ కావు. కొమ్మలు కొయ్యకు రోలీ, నీ ఆరేళ్ళు నువ్వు ఉంచుకో. టౌంటన్‌లో డబ్బాల్లో అమ్మే రసం. అందులో రెండు కప్పుల నల్లటీ."

మూకుడు మోగిస్తున్న పిల్లను వాళ్ళమ్మ గబుక్కున ఆపింది. ఎవరూ ఉమ్మలేదు. గ్లాసు కింద పెట్టనూ లేదు. అందరూ గ్లాసుల్లోకి చూస్తూ నిలబడ్డారు. రోలీ మొహం ఒక్కసారిగా ఐవీ కొడుకులా కాక, ఉత్త ముసలివాడిలా కనిపించింది. అతని మీద జాలేసింది. అయినా ఆ జాలితో ఇంకో జాడీ పెట్టబుద్ధి కాలేదు.

"మరి మా అన్న?" అన్నాడు. "మా అన్న ఏం చేసేవాడు?"

చచ్చిపోయిన మనిషికి అన్యాయం చెయ్యకూడదని, నోరీన్ పదకొండేళ్ళూ ఒక్కో నెలా ఒక్కో జాడీ గుర్తు చేసుకుంటూ అతను చేసిందేమైనా ఉందా అని వెతికింది.

"కార్లో కూర్చునేవాడు" అంది. "నేను కొట్లోంచి డబ్బాలు మోసుకొచ్చేదాకా, టోపీ కళ్ళ మీదికి లాక్కుని."